అల్లుడి మంచు బండికి టర్బో



ఆరు నెలలుగా పేజీలో పోస్టు లేదేంటని చాలామంది అడిగారు. అమ్మాయి పురిటికని నేనూ మా ఇంటావిడా అమెరికా వెళ్ళాం. ఐడహో రాష్ట్రంలో బోయిసీ అనే ఊరు. ఏప్రిల్ ఆఖర్లో తిరిగొచ్చాం. మనవరాలు పుట్టింది, తల్లీ బిడ్డా బాగున్నారు. మొన్న టీ కొట్టు దగ్గర "ఆరు నెలలు అక్కడేం చేశావ్ బాబాయ్" అంటే "మంచు మీద నడిచే బండికి టర్బో బిగించాను" అన్నాను. అందరూ నవ్వారు. నిజంగానే బిగించాను. ఆ సంగతి పూర్తిగా రాద్దామని కూర్చున్నాను. పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి. పాత ట్రాక్టర్‌కి టర్బో పెట్టించొచ్చా అని ఈ పేజీలో ఇద్దరు ముగ్గురు అడిగి ఉన్నారు, వాళ్ళకి చెప్పాల్సింది కూడా ఇందులోనే వస్తుంది.

ముందు ఆ ప్రాంతం సంగతి రెండు ముక్కలు. అమెరికా మొత్తం మీద పండే బంగాళదుంపల్లో దాదాపు మూడో వంతు ఐడహోవే. మరి వాన చూస్తే మనకి పడేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. నీళ్ళెక్కడివయ్యా అంటే కొండల మీద మంచు. చలికాలమంతా పడి పేరుకుంటుంది. ఎండలు ముదిరేకొద్దీ కరిగి ఏళ్ళలోకి దిగుతుంది, అక్కణ్ణించి రిజర్వాయర్లు, కాలవలు. మనం సాగర్ మట్టం ఎంతుందని రోజూ పేపర్లో చూసుకుంటాం కదా, వాళ్ళు కొండ మీద మంచు ఎంత పడిందని అలా చూసుకుంటారు. వాళ్ళ డ్యాము కొండ మీదే ఉందన్నమాట.

ఆ మంచు మీద తిరగడానికి ఒక బండి ఉంటుంది. స్నోమొబైల్ అంటారు. మోటారు సైకిల్‌కి ముందు చక్రం తీసేసి రెండు స్కీ బద్దలు పెట్టి, వెనక చక్రం బదులు వెడల్పాటి రబ్బరు పట్టా వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మన దిగుడు చేలల్లో చైన్ మిషన్ ఎందుకు తెస్తాం? టైర్ల మిషన్ దిగబడిపోతుంది, చైన్ మిషన్ బరువు పరుచుకుని తేలుతుంది. ఇక్కడ బురద, అక్కడ మంచు, అంతే తేడా. పట్టాకి రెండు మూడు అంగుళాల పళ్ళుంటాయి, అవి మంచుని తోడుకుంటూ బండిని ముందుకి నెడతాయి.

ఈ బండ్లకి పేరు తెచ్చినవాడు కెనడాలో క్యూబెక్‌కి చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి కడుపులో జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళలేకపోయారు, పిల్లాడు పోయాడు. మంచు మీద పోయే బండి కోసం అప్పటికే ఆయన ఏళ్ళుగా తంటాలు పడుతున్నాడు, అది ఇంకా తయారవలేదు. తర్వాత మూడేళ్ళకి ఏడుగురు కూర్చునే బండి చేశాడు. ఇప్పుడు కుర్రాళ్ళు తోలే చిన్న రకం 1959లో వచ్చింది. అల్లుడు ఈ కథ చెప్పినప్పుడు నాకు మన లంక ఊళ్ళు గుర్తొచ్చాయి. కృష్ణ పొంగితే పడవ దొరక్క ఎన్ని ప్రాణాలు పోయాయో ఆ ఊళ్ళ వాళ్ళకే తెలుసు.

సరే, మా అల్లుడి దగ్గర ఉన్నది యమహా నైట్రో. సెకండ్ హ్యాండుది. మూడు సిలిండర్లు, 1049 సీసీ, ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్, 130 హార్స్ పవర్ దరిదాపు. మన ట్రాక్టర్లు 45, 50 హార్స్ పవర్ అంటేనే గొప్పగా చెప్పుకుంటాం కదా, ఒక్క మనిషి కూర్చునే బండికి 130 అంటే నేను నమ్మలేదు. కాకపోతే మన డీజిల్ ఇంజన్ రెండు వేల చుట్టల దగ్గర నిదానంగా గుంజుతుంది, ఇది ఎనిమిది వేల పైన అరుస్తూ ఇస్తుంది. రెంటికీ పోలిక లేదు.

దీంతో వచ్చిన చిక్కల్లా బరువు. కొండలెక్కే కుర్రాళ్ళలో ఎక్కువమంది టూ స్ట్రోక్ బండ్లే కొంటారు, అవి తేలిక. ఫోర్ స్ట్రోక్ గట్టిది, ఆయిలు తాగదు, పొగ ఉండదు, కానీ పావు టన్ను పైనే ఉంటుంది. మెత్తటి మంచులో దిగబడితే పార పట్టాల్సిందే. దానికి తోడు ఎత్తు. అల్లుడు వెళ్ళేది మెక్‌కాల్ అనే ఊరి చుట్టూ ఉన్న కొండలకి. ఊరే 5 వేల అడుగుల ఎత్తులో ఉంది, వీళ్ళు తిరిగేది ఏడు, ఎనిమిది వేల అడుగుల్లో. పైకి పోయేకొద్దీ గాలి పలచన. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజన్ బలం నూటికి మూడు చొప్పున తగ్గుతుందని ఒక మోటు లెక్క. ఎనిమిది వేల అడుగులకి 130 కాస్తా వందకి దిగుతుంది. బరువు మాత్రం దిగదు!

అందుకని టర్బో కిట్ కొందామనుకున్నాడు. నేను వెళ్ళిన వారానికే లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "మావయ్య గారూ, మీరు ఇంజన్లు ఎరిగినవారు. మూడు కిట్లు చూసి పెట్టాను. ఏది తీసుకోమంటారు?"

ఆ రాత్రి అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లిగా అంది, "నాన్నా, నువ్వు చెబితే వింటాడు. వద్దని చెప్పు." అప్పటికి తనకి తొమ్మిదో నెల. నేను ఏమీ మాట్లాడలేదు. అల్లుడికి వద్దని చెప్పడం ఎంత కష్టమో మీలో ఆడపిల్లల తండ్రులకి చెప్పక్కర్లేదు. పైగా, అబద్ధమెందుకు, ఆ లాప్‌టాప్‌లో టర్బో బొమ్మలు చూస్తుంటే నాకూ చెయ్యి దురద పెట్టింది.

టర్బో అంటే ఏంటో తెలియని వాళ్ళ కోసం కాస్త చెప్తాను. మన హార్వెస్టర్లలో, పెద్ద ట్రాక్టర్లలో ఉండేదే. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చిన్న ఫ్యాన్‌ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో ఫ్యాన్ ఉంటుంది, అది బయటి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. గాలి ఎక్కువ దూరితే ఇంధనం ఎక్కువ మండించొచ్చు, బలం వస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో ఇంటర్‌కూలర్ అని రేడియేటర్ లాంటిది పెట్టి చల్లారుస్తారు. ఎంత ఒత్తిడి పెంచుతుందనేది పీఎస్‌ఐల్లో చెబుతారు, మనం టైర్లలో గాలి చూసే లెక్కే.

ఇప్పుడు మూడు కిట్ల సంగతి. మొదటిది చిన్నది. 6 పీఎస్‌ఐ, ఇంజన్ విప్పక్కర్లేదు, మామూలు బంకులో దొరికే 91 ఆక్టేన్ పెట్రోలుతో నడుస్తుంది. (అక్కడి 91 అంటే మన బంకు లెక్కలో 95 పైమాటే, వాళ్ళు ఆక్టేన్ లెక్కగట్టే తీరు వేరు.) రెండోది పెద్దది. 14 పీఎస్‌ఐ దాకా పెంచొచ్చు. హెడ్ విప్పి మధ్యలో మందపాటి ప్లేటు వేసి కంప్రెషన్ తగ్గించాలి, హెడ్ స్టడ్లు మార్చాలి, రేస్ పెట్రోలు పొయ్యాలి. మొదటిది 5 వేల డాలర్లు పై చిల్లర. రెండోది పనితో కలిపి దానికి దాదాపు రెట్టింపు. మూడోది ఎవరో వాడి తీసేసిన పాత కిట్, 1,800 డాలర్లు. అది వేరే మోడల్ యమహాకి, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి చేసింది. "కొంచెం అటూ ఇటూ చేస్తే నీ దానికి సరిపోతుంది" అని అమ్మేవాడి మాట.

అల్లుడి మనసు రెండోదాని మీద ఉంది, చెయ్యి మూడోదాని మీద ఉంది.

కొంచెం అటూ ఇటూ చేస్తే సరిపోతుంది అన్న మాట వినగానే నాకు 2008 గుర్తొచ్చింది. ఆ సంగతి ఈ పేజీలో ఎప్పుడూ రాయలేదు. మా ఇంట్లో కూడా సగమే చెప్పాను. మర్నాడు గరాజ్‌లో అల్లుడికి మొత్తం చెప్పాను. మీకూ చెప్తున్నాను.

అప్పట్లో నాకు మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఉండేది, సెకండ్ హ్యాండు. సార్వాకి కాలవలొదిలాక కిరాయికి దమ్ము చేసేవాణ్ణి. కాలవకి ఆలస్యంగా నీళ్ళొచ్చిన ఏడు, అందరికీ ఒకేసారి దమ్ము కావాలి. ఎన్ని ఎకరాలు చేస్తే అంత డబ్బు. పక్క ఊరి వాడు 50 హార్స్ పవర్ బండి కొత్తది తెచ్చాడు. నా బండి వెనకబడుతోంది. టౌన్లో ఒక మెకానిక్ దగ్గరికి పోతే, "పాత లారీది టర్బో ఉంది, కొంచెం అటూ ఇటూ చేస్తే సరిపోతుంది, పంపు కూడా పెంచుతాను" అన్నాడు. బిగించాడు. మొదటి రోజు ఈల వేసుకుంటూ పోయింది. నేను మీసం తిప్పాను.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ టర్బో లారీ ఇంజన్‌ది. నా ఇంజన్ విడిచే పొగ దాన్ని సరిగ్గా తిప్పలేదు. దమ్ములో లోడు పడ్డప్పుడు చుట్టలు పడిపోయేవి, చుట్టలు పడిపోతే టర్బో గాలి ఇవ్వదు. పంపు మాత్రం పెంచి ఉంది, డీజిల్ ఎడాపెడా పోస్తోంది. గాలి చాలని డీజిల్ నల్లటి పొగగా పోతుంది, లోపల వేడి పెరిగిపోతుంది. ఆ నల్ల పొగ చూసి మేము బలం అనుకున్నాం. దానికి తోడు టర్బో నుంచి ఆయిలు కిందికి దిగే గొట్టాన్ని మెకానిక్ ఒక చోట పైకి ఎత్తి మడిచాడు. ఆయిలు దిగక, టర్బో సీళ్ళ గుండా ఇంజన్లోకి కారేది. ఆరో రోజున నడి చేలో, కేజ్ వీల్స్ మీద ఉండగా, టక్‌మని ఒక శబ్దం. రెండో సిలిండర్ పిస్టన్ తల కరిగి బొక్కపడింది. లైనర్ గీసుకుపోయింది, హెడ్ చీలింది.

రిపేరుకి 60 వేలు. ఒప్పుకున్న ఎకరాలు పక్క ఊరి వాడికి పోయాయి. మా ఇంటావిడ గాజులు బ్యాంకులో పెట్టాం. ఆ ఏడు మా అమ్మాయి ఇంటర్. విజయవాడలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటానని అంతకుముందు ఏడాది నుంచీ అడుగుతోంది, నేను సరేనన్నాను. డబ్బు లేదు. "ఈ ఏడు పంట సరిగ్గా రాలేదమ్మా, ఇక్కడే చదువుకో" అన్నాను. పంట బానే వచ్చింది. పోయింది ఇంజను. నేను చేసిన పనికి వరి మీద నింద వేశాను.

అల్లుడు విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లాప్‌టాప్ తీసి ఆ మూడో కిట్ పేజీ మూసేశాడు.

మిగిలినవి రెండు. ఇక్కడ కాగితం, పెన్ను తెమ్మన్నాను. మనకి ఎకరానికి ఖర్చెంత, రాబడెంత అని వేసుకునే అలవాటు కదా. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. ఎనిమిది వేల అడుగుల్లో 10.9. అంటే కొండ మన దగ్గర్నుంచి 3.8 లాక్కుంటోంది. చిన్న కిట్ 6 ఇస్తుంది, కలిపితే 16.9. కొండ లాక్కున్నది తిరిగొచ్చింది, పైన ఇంకో రెండు మిగిలింది. ఇంజన్ చేసినవాడు కింద సముద్రం ఒడ్డున ఎంత గాలి పీల్చుకోమని చేశాడో దానికన్నా నూటికి పదిహేను మాత్రమే ఎక్కువ. గట్టి ఇంజన్, తట్టుకుంటుంది. పెద్ద కిట్ 14 ఇస్తే 24.9. ఇంచుమించు పదిహేను అణాలని పాతిక అణాలు చేసినట్టు. కాగితం మీద హార్స్ పవర్ 220 వస్తుంది. వస్తుంది నిజమే, ఎన్నాళ్ళు వస్తుందనేదే ప్రశ్న.

డీజిల్ ఇంజన్‌కీ పెట్రోల్ ఇంజన్‌కీ ఇక్కడ తేడా ఉంది. డీజిల్ ఇంజన్లో నొక్కేది ఒట్టి గాలిని. పెట్రోల్ ఇంజన్లో గాలీ పెట్రోలూ కలిసిపోయి ఉంటాయి. మరీ నొక్కితే, వేడెక్కితే, ప్లగ్గు వెలిగించిన మంట అటు చివరికి చేరేలోగా మిగిలింది దానంతటదే పేలుతుంది. పిస్టన్ తల మీద సుత్తితో కొట్టినట్టే. నాకింగ్ అంటారు. మంచి ఆక్టేన్ పెట్రోలు దాన్ని ఆపుతుంది, తగ్గించిన కంప్రెషన్ ఆపుతుంది. అందుకే పెద్ద కిట్‌కి అన్ని హంగులు. కొండ మీద బంకు ఉండదు. రేస్ పెట్రోలు డబ్బాల్లో మోసుకుపోవాలి. ఒక ఆదివారం అయిపోయిందనుకోండి, మామూలుది పోసి "మెల్లిగా పోతాలే" అనుకుంటాడు మనిషి. మెల్లిగా పోడు. నేను పోయానా?

ఇంకోటి. అదే 6 పీఎస్‌ఐ కిట్‌ని మిన్నెసోటా లాంటి పల్లపు చోట వాడితే మొత్తం 20 దాటుతుంది. అక్కడి ఇంజన్‌కి అది చిన్న కిట్ కాదు. కాబట్టి ఎవరో వీడియోలో బాగుందన్నాడని కొనడం కాదు, వాడు ఏ ఎత్తులో తోలుతున్నాడో చూడాలి. గింజలు కొనేటప్పుడు మనం అడగమా, ఇది నల్లరేగడికా ఎర్రనేలకా అని?

అల్లుడికి ఇంకో మాట కూడా అన్నాను. ఇప్పుడు కంపెనీలే టర్బో పెట్టి అమ్ముతున్నాయి కదా, యమహా సైడ్‌వైండర్ అని 2017 మోడల్‌తో వచ్చింది, దాదాపు 200 హార్స్ పవర్, కంపెనీ ఇంజన్‌కి కంపెనీ టర్బో. మన బండి అమ్మి దానికి పోవచ్చుగా? లెక్క వేశాం. తేడా చాలా ఎక్కువ వచ్చింది. పైగా యమహా వాళ్ళు 2025 మోడల్‌తో స్నోమొబైళ్ళు ఆపేస్తామని 2023లోనే చెప్పేశారు. పెద్ద డబ్బు పెట్టే మాట అక్కడితో ఆగింది. చిన్న కిట్టే ఖాయం చేశాం.

కొనే ముందు అమ్మేవాళ్ళకి ఫోన్ చేయించి నాలుగు ప్రశ్నలు అడిగించాను. ఈ ఇంజన్‌కే ఈ టర్బో సైజు ఎంచారా? ఎన్ని చుట్టల దగ్గర గాలి పట్టుకుంటుంది? అదనపు పెట్రోలు ఎవరిస్తారు, ఇంజెక్టర్లు మారుస్తారా, కంప్యూటర్ సెట్టింగ్ మీరే చేసి పంపుతారా? ఆయిలు కిందికి దానంతటది దిగుతుందా, పంపు పెట్టి లాగాలా? ఆఖరి ప్రశ్నకి అవతలి మనిషి నవ్వి, "ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ" అన్నాడట. నాకు 60 వేలు పెట్టి నేర్పిన ప్రశ్న అది.

డిసెంబరులో మనవరాలు పుట్టింది. జనవరిలో పెట్టెలొచ్చాయి. మూడు శని ఆదివారాలు గరాజ్‌లో పని. బయట సున్నాకి పది డిగ్రీలు కింద, లోపల చిన్న హీటరు. నేను మఫ్లర్ చుట్టుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని స్టూలు మీద కూర్చుంటే, అల్లుడు కాగితం చూస్తూ ఒక్కొక్కటే విప్పేవాడు. వాడి చేతిలో మంచి పనితనం ఉంది. కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడికి ఇంత ఓపికా అనుకున్నాను. రెండో ఆదివారం అన్నీ బిగించి స్టార్ట్ చేద్దామన్నాడు. టార్చి తెమ్మని పడుకుని కింద నుంచి చూశాను. టర్బో నుంచి దిగే ఆయిలు గొట్టం ఒక బ్రాకెట్ కింద నలిగి, కొంచెం పైకి లేచి ఉంది. అరంగుళం. అంతే. నా చేత్తో నేనే విప్పి, గొట్టం ఒక పక్కకి తిప్పి, ఏటవాలుగా దిగేలా బిగించాను. వీపు పట్టేసింది, మూడు రోజులు మా ఇంటావిడ చేత తిట్లు తిన్నాను.

అతను ఒక మీటరు ఎక్కువ డబ్బు పెట్టి పెట్టించాడు. గాలికీ పెట్రోలుకీ ఉన్న నిష్పత్తి చూపిస్తుంది. టర్బో పని చేస్తున్నప్పుడు ఆ అంకె పదకొండున్నర, పన్నెండు మధ్య ఉండాలి. పైకి పోతే పెట్రోలు చాలడం లేదని అర్థం, వెంటనే యాక్సిలరేటర్ వదిలేయాలి. మనకి డీజిల్ బండిలో నల్ల పొగ కళ్ళకి కనబడుతుంది. పెట్రోల్ ఇంజన్లో ప్రమాదం కళ్ళకి కనబడదు. ఆ మీటరు కొనకుండా మిగిలిందంతా కొన్నవాణ్ణి గుడ్డివాడి కిందే లెక్కేస్తాను.

మెక్‌కాల్ తీసుకెళ్ళి తోలాం. నేను కూడా మైదానంలో ఒక వంద గజాలు తోలాను, ఫోటో ఉంది, పెట్టను, హెల్మెట్‌లో నేనో ఇంకొకరో తెలియడం లేదు. మొదటి రోజే ఇంజన్ లిమిటర్ కొట్టి, బెల్టు కమురు వాసన వచ్చింది. ఈ బండికి గేర్లుండవు. స్కూటీలో ఉంటుంది చూడండి, బెల్టు, బరువుల క్లచ్, సరిగ్గా అదే, పెద్ద సైజు. ఇంజన్ బలం పెరిగింది, క్లచ్‌లో బరువులు పాతవే. పట్టు చాలక ఇంజన్ ఊరికే పైకి పోతోంది. కిట్‌తో పాటు పంపిన బరువుల్లో ఒక జత పెద్దవి వేశాక దారికొచ్చింది. బలం పెంచినప్పుడు ఆ బలం నేలకి చేరే దారంతా సరిచూసుకోవాలని పుస్తకాల్లో రాస్తారు. బెల్టు వాసన పీల్చినప్పుడు బాగా అర్థమవుతుంది.

అసలు భయం నాకు ఆ రోజు ఇంజన్ గురించి పుట్టలేదు. పార్కింగ్‌లో అల్లుడు చొక్కా లోపల ఒక చిన్న పెట్టె కట్టుకున్నాడు, సంచిలో మడత పార, పొడుగాటి కర్ర పెట్టుకున్నాడు. ఏంటి బాబూ ఇవి అన్నాను. మంచు చరియ విరిగి మీద పడితే ఆ పెట్టె సిగ్నల్ ఇస్తుంది, తోటివాళ్ళు ఆ సిగ్నల్ పట్టుకుని కర్రతో గుచ్చి చూసి, పారతో తవ్వి తీస్తారట. పదిహేను నిమిషాల్లోపు తీస్తే బతికే ఆశ ఉంటుందట. ఎంత మామూలుగా చెప్పాడంటే, మనం పాము కరిస్తే ఏం చెయ్యాలో చెప్పుకున్నట్టు.

అప్పుడు నాకు తట్టింది. ముప్పై డిగ్రీల వాలు దాటిన చోటే ఎక్కువగా చరియలు విరుగుతాయి. టర్బో లేని బరువు బండి అలాంటి వాలు సగం ఎక్కి ఆగిపోయేది. ఇన్నాళ్ళూ అతన్ని ఆ బండే ఆపింది. ఇక ఆపాల్సింది అతనే. మేమిద్దరం కూర్చుని పీఎస్‌ఐలు, పిస్టన్లు అన్నీ లెక్కగట్టాం గానీ, మా అమ్మాయి వద్దని చెప్పమన్నది ఈ సంగతికని నాకు అంతవరకూ తట్టలేదు.

ఇంటికొచ్చాక ఈ మాట అల్లుడితో అనేశాను. ఈసారి మొహమాటపడలేదు. "బాబూ, పెద్ద కిట్ కొనకుండా మిగిలిన డబ్బుంది. ఆ డబ్బు ఇంజన్‌కి కాకుండా మీకు పెట్టుకోండి" అన్నాను. చరియ వచ్చినప్పుడు తాడు లాగితే వీపు మీద ఉబ్బే గాలి సంచి ఒకటుంది, అది మనిషిని మంచు పైకి తేల్చడానికి సాయపడుతుంది. అది కొన్నాడు. మంచు చరియల మీద అక్కడ శిక్షణ క్లాసులుంటాయి, ఫిబ్రవరిలో వెళ్ళి చేరాడు. బయల్దేరే ప్రతి ఉదయం, ఆ రోజు ఏ వాలు ప్రమాదమో అటవీ శాఖ వాళ్ళు పెట్టే సూచన చదివి, మా అమ్మాయికి కూడా చదివి వినిపించాలని ఇంట్లో ఒప్పందం అయింది. రెండుసార్లు చదివాక వెళ్ళకుండా ఆగిపోయాడు. ఒకసారి తనంతట తనే, ఒకసారి మా అమ్మాయి చూపు చూసి.

ఇక ట్రాక్టర్‌కి టర్బో అడిగిన తమ్ముళ్ళకి. మీ ఇంజన్ మోడల్‌లోనే కంపెనీ టర్బో రకం కూడా అమ్ముతుంటే, దానికీ దీనికీ పిస్టన్లు, ఆయిలు పంపు, రేడియేటర్ ఏమేం తేడాలున్నాయో పార్టుల పుస్తకం తెప్పించి చూడండి. ఆ తేడాలన్నీ మార్చగలిగితే పెట్టించండి, లేకపోతే ఆ డబ్బు పెట్టి పెద్ద బండికి పోండి. ఇప్పటికే టర్బో ఉన్న బండ్లున్నవాళ్ళు, హార్వెస్టర్ వాళ్ళు ముఖ్యంగా, లోడు మీద నుంచి దిగగానే కీ తిప్పి ఆపేయకండి. రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి. ఆయిలు ఆగిపోతే ఎర్రగా కాలిన టర్బోలో బేరింగు దగ్గర ఉన్న ఆయిలు మాడి గట్టిపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ కోతల్లో రోజూ దులపండి. డ్రైవర్ కుర్రాడు వినడు, మీరే పక్కన నిలబడి చూడండి.

ఏప్రిల్‌లో మేము బయల్దేరేటప్పుడు అమ్మాయి ఎయిర్‌పోర్టుకి వచ్చింది. మనవరాలు నా భుజం మీద నిద్రపోతోంది. అల్లుడు సామాన్లు తూకం వేయిస్తున్నాడు. అమ్మాయి పక్కన నిలబడి, "ఆయన నాకు చెప్పారు నాన్నా, ఆ ట్రాక్టర్ సంగతి" అంది. నేను నేల చూశాను.

"నాకప్పుడే తెలుసు" అంది. "పంట పోతే పురిలో ధాన్యం ఎందుకుంటుంది? అమ్మ చేతికి మట్టి గాజులు ఎందుకుంటాయి? నువ్వు చెప్పలేకపోతున్నావని ఊరుకున్నాను."

మా ఇంటావిడ అటు తిరిగి పాప దుప్పటి సర్దుతోంది. ఇప్పుడు చేతికి గాజులున్నాయి లెండి, 2011లో విడిపించాం.

ఆ ట్రాక్టర్ ఇంకా మా దొడ్లోనే ఉంది. టర్బో తీసేసి, పంపు కంపెనీ లెక్కకి దించాక ఇప్పటిదాకా హెడ్ విప్పలేదు. కాలవకి నీళ్ళెప్పుడో ఇంకా చెప్పలేదు. నారుమడికి బోరు నీళ్ళే పెడుతున్నాను. కేజ్ వీల్స్‌కి రెండు చోట్ల వెల్డింగ్ ఊడింది, రేపు పొద్దున్నే దాని మీద పడాలి. ఉంటాను.